వెనక్కి తిరిగి చూడని మేడమ్

గౌరి ఫోన్ చేసి, "మేడమ్ పోయారే" అంది. ఏ మేడమ్ అని నేను అడగలేదు. మా ఇద్దరి చదువుల్లోనూ మేడమ్‌లు చాలామందే ఉన్నారు. లెక్కల మేడమ్, ఇంగ్లీషు మేడమ్, హాస్టల్ మేడమ్. వాళ్ళకి ముందు ఏదో ఒక మాట తగిలిస్తేగాని ఎవరో తెలీదు. ఏ మాటా తగిలించక్కర్లేని మేడమ్ మాకు ఒక్కరే.

నేనప్పుడు స్కూలు గ్రౌండ్‌లో ఉన్నాను. నరసన్నపేట దగ్గర ఒక ఊళ్ళో వ్యాయామ టీచరుగా పనిచేస్తున్నాను. మర్నాడు మధ్యాహ్నం గజపతినగరంలో సమాధి చేస్తారని గౌరి చెప్పింది. వస్తానన్నాను. పిల్లల్ని క్లాసులకి పంపించేసి గోడ నీడన కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ముందుగా ఆవిడ స్కూటీ అద్దాలు గుర్తొచ్చాయి.

ఆ స్కూటీకి రెండు వైపులా, లారీకి ఉండేటంత అద్దాలు బిగించి ఉండేవి. కాలేజీకి కొత్తగా వచ్చిన అమ్మాయిలందరూ వాటిని చూసి నవ్వేవారు. మేమూ నవ్వాం. ఆవిడ మెడ తిరగదని మాకు తెలీదు. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మనం తల తిప్పి చూస్తాం. ఆవిడ పాదాలతో సహా మొత్తం మనిషి తిరిగేవారు, తలుపు తెరుచుకున్నట్టు. మొదట్లో అది చూడాలనే మేం పని లేకపోయినా వెనకనుంచి "మేడమ్" అని పిలిచేవాళ్ళం. పిలిచిన ప్రతిసారీ ఆవిడ అలాగే నిదానంగా తిరిగి, "ఏటే?" అనేవారు. విసుక్కున్నట్టు నాకు గుర్తులేదు.

మెడ సరిగ్గా వంగేది కూడా కాదు. వాళ్ళది బాప్టిస్టు సంఘం. క్రిస్మస్‌కి మమ్మల్నందర్నీ చర్చికి రమ్మనేవారు. ప్రార్థనప్పుడు అక్కడున్న వాళ్ళంతా తలలు వంచుకునేవారు. ఆవిడ ఒక్కరే కళ్ళు మూసుకుని, తల నిటారుగా పెట్టుకుని నిలబడేవారు. దేవుడు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నట్టూ, ఈవిడ ఏదో అర్జీ విన్నవించుకుంటున్నట్టూ ఉండేది.

గజపతినగరంలో మేం ఇంటర్ చదివిన కాలేజీకి ఆవిడ ఫిజికల్ డైరెక్టరు. మా పల్లెల అమ్మాయిలకి తెలిసిన ఆట కబడ్డీ. ఆవిడ కబడ్డీ ఆడేవాళ్ళని ఏరి రగ్బీలోకి దింపారు. రగ్బీ అనే మాట మేమెవ్వరం అంతకుముందు వినలేదు. ఒక పెద్ద గుడ్డులాంటి బంతి చూపించి, దీన్ని చంకలో ఇరికించుకుని పరిగెత్తి అవతలి గీత దాటాక నేలకి ఆనించాలని చెప్పారు. దాటనివ్వకుండా అవతలివాళ్ళు మిమ్మల్ని పట్టుకుని పడగొడతారు, ఆ పడగొట్టడాన్ని టాకిల్ అంటారు అన్నారు. బంతి పట్టుకోవడం, విసరడం మాకు వారం పది రోజుల్లో వచ్చేశాయి. టాకిల్ నేర్పడానికి మాత్రం ఆవిడ తొందరపడలేదు.

ప్రాక్టీసుకి ముందు ఆవిడ చెప్పులు విడిచి గ్రౌండంతా ఒక్కరే నడిచేవారు. మెడ వంగదు కనక కళ్ళతో కాదు, పాదాలతో వెతికేవారు. కాలికి రాయో గాజుపెంకో తగలగానే గొంతుక్కూర్చుని తీసి చున్నీ కొంగులో వేసుకునేవారు. మేం సాయం వస్తామంటే ఒప్పుకునేవారు కాదు.

"పడీది మీరు, ఏరీది నాను. ఎవల పని ఆల్లు సెయ్యాల" అనేవారు.

నాకు టాకిల్ అంటే భయం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కబడ్డీలో కూతకొచ్చినవాళ్ళ కాలు పట్టుకోవడం వేరు, గ్రౌండ్ ఆ చివర్నుంచి పరిగెత్తుకొచ్చే మనిషికి ఎదురెళ్ళడం వేరు. ఆఖరి క్షణంలో కళ్ళు మూసేసుకునేదాన్ని. ఎలాగో మీద పడిపోయేదాన్ని. ఒక్కోసారి అవతలి మనిషి పడేది కూడా. పడింది కదా, ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

ఒకరోజు ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి బొట్టుబిళ్ళల అట్ట తీశారు. ఆవిడ బొట్టు పెట్టుకోరు. ఇవెందుకా అని చూస్తూ ఉండగానే నన్ను అటు తిరిగి నిలబడమని, ఒక బిళ్ళ ఊడదీసి, బంతి పట్టుకుని నిలబడ్డ గౌరి నిక్కరు మీద, తుంటి దగ్గర అంటించారు. విజిల్ వినగానే ఇటు తిరగమన్నారు. తర్వాత విజిల్ ఊదారు. గౌరి పరిగెత్తుకొచ్చింది, నేను ఎదురెళ్ళి పడగొట్టాను. లేచేలోగా ఆవిడ బిళ్ళ మీద అరచెయ్యి అడ్డం పెట్టేసి, "ఏ రంగు?" అన్నారు.

ఎరుపు అన్నాను. బిళ్ళ ఆకుపచ్చది.

అందరిముందూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం స్కూటీ మీద నన్ను బస్టాండు దాకా దింపుతూ, ముందుకి చూస్తూనే చెప్పారు.

"భయమెయ్యడం తప్పు కాదే. నాకూ ఏసీది. కళ్ళు మూస్తే మాత్రం తల ఎక్కడ పెడతన్నావో నీకే తెలవదు. మొకం సూడొద్దు, బంతి సూడొద్దు. నడుం సూడు. మనిసి మొకంతో మోసం సేస్తాది, సేతుల్తో మోసం సేస్తాది. నడుం ఎటెల్తే మనిసి అటే ఎల్తాది."

ఆ తర్వాత చాలా రోజులు నన్నూ గౌరినీ మోకాళ్ళ మీద కూర్చోబెట్టి టాకిల్ చేయించారు. పరుగు లేదు, వేగం లేదు. మోకాళ్ళ మీద ఎదురెదురుగా జరిగి, చెంప అవతలి మనిషి తుంటికి ఆనించి, భుజం తొడమీద పెట్టి, రెండు చేతులూ చుట్టి, మెల్లగా పక్కకి ఒరగడం. పాలు తాగే పిల్లల్ని పడుకోబెట్టినట్టు ఉండేది. అవతల అబ్బాయిలు వాలీబాల్ ఆడుతూ మమ్మల్ని చూసి నవ్వేవారు. నాకు సిగ్గేసేది. ఆవిడకి అదేం పట్టలేదు. మోకాళ్ళ మీద వచ్చాక నడుస్తూ, నడుస్తూ వచ్చాక చిన్న పరుగు మీద చేయించారు. ప్రతిసారీ బిళ్ళ రంగు అడిగేవారు. బజార్లో ఫ్యాన్సీ షాపతను, "మేడమ్‌గారూ, ఈ బిల్లలు ఎవలికండీ" అని అడిగితే, "మా పిల్లల తుంటికి" అని చెప్పారట. అతను ఇంకేమీ అడగలేదట. ఈ సంగతి ఆవిడే చెప్పి నవ్వారు. ఆవిడ నవ్వుకి శబ్దం ఉండేది కాదు. భుజాలు మాత్రం కదిలేవి.

నేను రంగులు తప్పకుండా చెప్పడం మొదలుపెట్టాక ఒకరోజు బంతి తనే చంకలో పెట్టుకుని, నన్ను పడగొట్టు అన్నారు. మేడమ్‌ని ముట్టుకోవడానికే నాకు చేతులు రాలేదు. ఆవిడ మెల్లగా పరిగెత్తుకొచ్చారు. నేను కళ్ళు తెరిచే వెళ్ళాను. కాని తల ఆవిడ ముందువైపు పడింది. ఆవిడ నన్ను తగలకముందే ఆగిపోయి, రెండు చేతులతో నా తల పట్టుకున్నారు. అలాగే పట్టుకుని పక్కకి జరిపారు.

"తల ముందుకి పెట్టొద్దు" అన్నారు. "మనిసికి ఎనక పెట్టు, పక్కన పెట్టు. ముందుకి మాత్రం పెట్టొద్దు."

మమ్మల్నందర్నీ నేలమీద కూర్చోమని, తనూ కూర్చున్నారు. భువనేశ్వర్‌లో చదువుకుంటున్న రోజుల్లో ఆవిడ కూడా ఆడేవారట. ఒక మ్యాచ్‌లో తల ముందుకి పెట్టి టాకిల్‌కి వెళితే, అవతలి అమ్మాయి మోకాలు వచ్చి తగిలిందట. చేతులూ కాళ్ళూ తనవి కావన్నట్టు చాలాసేపు గడ్డిమీద అలాగే పడి ఉన్నారట. చేతులు కాళ్ళు వచ్చాయి గాని మెడ రాలేదు.

"అప్పట్నుంచీ నానెప్పుడూ ఎనక్కి తిరిగి సూడ్నేదు" అన్నారు. భుజాలు కదిలాయి. మేం నవ్వలేదు. ఇంకెప్పుడూ ఆవిడని వెనకనుంచి పిలవలేదు కూడా.

ఆ ఏడాది రాష్ట్ర పోటీలకి వెళ్ళాం. మా నాన్న వరి పండించే రైతు. కూతుర్ని ఆటలకి పంపడం ఆయనకి ఇష్టం లేదు. పతకం వస్తే సర్టిఫికెట్టు ఇస్తారు, దాంతో స్పోర్ట్స్ కోటాలో సీటు గాని పోలీసు ఉద్యోగం గాని వస్తుందని ఎవరో చెబితే సరేనన్నారు. కాబట్టి నేను వెళ్ళింది ఆడడానికే కాదు, ఆ కాగితం కోసం కూడా. సెమీఫైనల్ గెలిస్తే పతకం ఖాయం. అప్పటికే మా అమ్మాయి ఒకతి చీలమండ మెలిపడి కూర్చుంది. ఆడేవాళ్ళం ఏడుగురం, మారడానికి ఇంకెవరూ లేరు.

సగం ఆట అయ్యేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. అవతలి జట్టులో ఒక పొడుగాటి అమ్మాయి బంతి తీసుకుని నావైపే వచ్చింది. నడుమే చూశాను. తల పక్కకే పెట్టాను. నేర్చుకున్నదంతా సరిగ్గానే చేశాను. ఆమె పడింది. పడేటప్పుడు ఆమె మడమ ఎక్కణ్ణుంచో ఎగిరి నా కణతకి తగిలింది. వెంటనే లేచి నిలబడ్డాను. నా మటుకు నాకు బాగానే ఉన్నట్టనిపించింది.

మేడమ్ విజిల్ ఊదుతూ లోపలికి వచ్చేశారు. పొద్దున్న టిఫిన్ ఏం తిన్నావని అడిగారు. ఉప్మా అన్నాను. ఎవరితో ఆడుతున్నామని అడిగారు. చెప్పాను. మళ్ళీ టిఫిన్ ఏం తిన్నావని అడిగారు. ఇడ్లీ అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని గీత బయటికి నడిపించుకుపోయారు.

మాతో మేనేజరుగా వచ్చిన మాస్టారు, "ఇంకాసేపే కదండీ మేడమ్, ఆడగలనంటోంది కదా" అన్నారు. ఆవిడ నన్ను చెట్టుకింద కూర్చోబెట్టి, తను నా ఎదురుగా కూర్చున్నారు. అంటే గ్రౌండ్‌కి వీపు పెట్టి. మెడ తిరగదు కదా, అటు ఏం జరుగుతోందో ఆవిడకి కనబడే వీల్లేదు. ఆట అయ్యేదాకా ఆవిడ చూసింది నా కళ్ళలోకే. మావాళ్ళు ఆరుగురూ ఎంత పోరాడారో నేను చూశాను. ఆవిడ చూడలేదు. అరుపులు అవతలివైపునుంచి లేచినప్పుడు, "అయిపోనాదా?" అని నన్నే అడిగారు.

ఓడిపోయాం.

"నా సర్టిఫికెట్టు మీరే పోగొట్టారు" అన్నాను. టీచరుతో అలా మాట్లాడడం నా జీవితంలో అదొక్కసారే.

"కోప్పడు" అన్నారావిడ. "కోపమొస్తన్నాదంటే నాకు ధైర్యంగా ఉన్నాది. మాట్టాడకుండా ఉంటేనే భయం."

తిరుగు ప్రయాణంలో, ఇంకా పట్టపగలుండగానే, రైల్లో నాకు వాంతులు మొదలయ్యాయి. అప్పటిదాకా మొహాలు ముడుచుకుని కూర్చున్న అమ్మాయిలు నాకోసం సీట్లు ఖాళీ చేశారు. గౌరి ఏడ్చింది. మేడమ్ తన చున్నీ తడిపి నా నుదుటిమీద వేసి, విజయనగరం వచ్చేదాకా నన్ను నిద్రపోనివ్వకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నారు. మా ఆవు పేరు, మా పొలం గట్టుమీద ఏ చెట్లున్నాయో, మా అమ్మ అంబలి ఎలా కాస్తుందో. స్టేషన్లో దిగి నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తలలో రక్తం గడ్డకట్టలేదని, అయితే కొన్నాళ్ళు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలని డాక్టరు చెప్పారు.

నన్ను ఇంటికి తీసుకొచ్చి నాన్నకి జరిగినదంతా దాచకుండా చెప్పింది ఆవిడే. నాన్న అరవలేదు. ఇంకెప్పుడూ ఆటలూ గీటలూ లేవని మాత్రం చెప్పేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చారు. ఆ తర్వాత కూడా వస్తూనే ఉన్నారు. ఆట గురించి ఒక్క మాట ఎత్తేవారు కాదు. నా కళ్ళలోకి టార్చి వేసి చూసి, తలనొప్పి ఉందా అని అడిగి, అమ్మ ఇచ్చిన అంబలి తాగి వెళ్ళిపోయేవారు.

డాక్టరు ఇక ఫర్వాలేదన్న తర్వాత ఒకరోజు మా కల్లంలో నూర్పులవుతున్నాయి. ఎండుగడ్డి కుప్ప పక్కన నాన్న కూర్చుని ఉన్నారు. ఆవిడని చూసి ఆయన మనసులో ఉన్నది అడిగేశారు. ఆడపిల్ల మీద పడి ఆడపిల్ల పడగొట్టడం ఏం ఆట, ఇలాంటిది నేర్పడానికి మీకు భయం లేదా అని. ఆవిడ మొత్తం మనిషి ఆయనవైపు తిరిగి అన్నారు.

"భయం ఉన్నాది కాబట్టే నేర్పుతన్నాను బాబూ. నేర్సుకున్నోలికీ దెబ్బ తగిల్తాది, కాదన్ను. నేర్సుకోనోలికి నాలాగవుతాది. ఒక్కపాలి మీరే పడి సూడండి."

నాన్నకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. ఆవిడ అప్పటికే చెప్పులు విడిచి, గడ్డి లాగి కల్లంలో దళసరిగా పరుస్తున్నారు. అమ్మ చేట పక్కన పెట్టేసి వచ్చి నిలబడింది. ఏమనుకున్నారో గాని నాన్న లేచి పంచె ఎగ్గట్టారు.

"ఊరికే నడిసి రండి. వడ్ల బస్తా బుజానేసుకుని ఒస్తన్నారనుకోండి" అన్నారావిడ.

నాన్న బిగుసుకుపోయి, ఏదో చెరువులోకి దిగుతున్నట్టు నడిచి వచ్చారు. నేను వంగి ఎదురెళ్ళాను. చెంప ఆయన తుంటికి ఆనించాను. పంచెకి వరిదుమ్ము వాసన, చుట్ట వాసన. రెండు చేతులూ చుట్టి గట్టిగా పట్టుకున్నాను. ఊహ తెలిశాక మా నాన్నని నేను అంత గట్టిగా పట్టుకోవడం అదే మొదటిసారి. ఇద్దరం కలిసి గడ్డిలో పడ్డాం.

నాన్న వెల్లకిలా అలాగే ఉండిపోయారు. అమ్మ కంగారుగా ముందుకొచ్చింది. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. ఆకాశంవైపు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు, "దెబ్బ తగల్నేదు" అన్నారు. కాసేపాగి నావైపు తిరిగారు.

"మరోపాలి పట్టు."

రెండోసారి పడ్డాక అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఉంది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఆ సాయంత్రం నాన్న గడ్డి దులుపుకుంటూ, ఇంకెప్పుడైనా దెబ్బ తగిలితే నాకు చెప్పకుండా మాత్రం ఉండకండి అన్నారు. ఒప్పుకున్నట్టు ఆయన చెప్పిన మాట అంతే. నేను మర్నాడు ప్రాక్టీసుకి వెళ్ళాను.

నాకు పతకం ఎప్పుడూ రాలేదు. మా తర్వాత వచ్చిన అమ్మాయిలు తెచ్చారు. నేను పరీక్ష రాసి వ్యాయామ విద్య చదివాను, ఈ ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆవిడ దగ్గరికి వెళితే, పిల్లలకి ఏం నేర్పాలో ఆవిడ చెప్పలేదు. వాళ్ళ మధ్యాహ్నం భోజనం ఎలా ఉంటోందో చూసి ఆ తర్వాత పరిగెత్తించమని మాత్రం అన్నారు.

ఆవిడని ఆఖరిసారి చూసింది మొన్న వానాకాలంలో. రిటైరయ్యాక తమ్ముడి ఇంట్లో ఉండేవారు. జబ్బు ఏమిటో ఆవిడ నాకు చెప్పలేదు. తమ్ముడి కూతురు గుమ్మంలోనే చెప్పింది. మంచం మీద ఆవిడ బాగా చిన్నగా కనబడ్డారు. నేను ఎదురుగా కనబడేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. మా నాన్న మోకాళ్ళ నొప్పులు, అమ్మ, గౌరి పిల్లలు, అన్నీ అడిగారు. తర్వాత నా పిల్లల ఆట చూపించమన్నారు.

నా ఫోన్‌లో ఒక వీడియో ఉంది. మా తొమ్మిదో తరగతి అమ్మాయి చేసిన టాకిల్. నడుం మీద చూపు, తల పక్కన, చేతులు బిగువుగా. బొమ్మ గీసినట్టుంటుంది. ఆవిడకి చూపించాలనే దాచిపెట్టుకున్నాను. ఫోన్ ఆవిడ కళ్ళకి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను. చూశారు. బాగుందంటారని ఎదురుచూశాను.

"తరవాత?" అన్నారు.

తర్వాత లేదు. టాకిల్ అవగానే నేను ఫోన్ ఆపేశాను. ఆ సంగతే చెప్పాను.

"పడిన గుంట?" పడిపోయిన పిల్ల సంగతి అడుగుతున్నారు.

"లేచిందండీ. బాగానే లేచింది."

"నువ్వు సూసినావా?"

"చూశాను మేడమ్. లేచి, గడ్డి దులుపుకుని, మళ్ళీ లైన్లోకి వెళ్ళి నిలబడింది."

ఆవిడ దాని పేరేటని అడిగారు. పార్వతి అని చెప్పాను. పార్వతి అని తనూ ఒకసారి అనుకున్నారు. తర్వాత ఫోన్‌వైపు వేలు చూపించి, మళ్ళీ పెట్టమన్నారు. ఈసారి టాకిల్ చేసిన అమ్మాయిని చూసి, ఇది ఎవరే, బాగా పట్టినాది అన్నారు.